ఓడప్రయాణము – ఉన్ని అల్లిక

మా ఊరి పేరులో సముద్రమున్నది. మా ఊరికి సముద్రము లేదు. కోలారు సీమలోను, దానినానుకొనియున్న రాయలసీమలోను పెద్ద చెరువును సముద్రమని పిలుచుట పూర్వుల వాడుక. అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రము అట్టిదే. కామసముద్రమను పేరును ఆ వరుసలోనిదే. నిజమైన కడలిని చూడవలెనన్న మావారు రైలెక్కి 150 మైళ్లకు పైగా తూర్పునకు పోయి చెన్నపట్టణము చేరవలసినదే.

ఇట్టి మెరకసీమ వారమైన మేము ఓడప్రయాణములో ఉన్ని అల్లికను గూర్చి వ్రాయ బూనుట కొందరికి వింతగా తోచవచ్చును. దీనికొక కారణము కలదు. ఇటీవల మన కుటుంబములలో చలికాలపు సెలవులకు విహారనౌక లెక్కువారు కనబడుచున్నారు. ప్రయాణపు సంచి సర్దునప్పుడు ఇంటి అవ్వ రెండు అల్లిక సూదులను, ఒక ఉన్ని ఉండను అందులో పెట్టును. మనుమరాలు నవ్వి, “విశ్రాంతికని పోతూ పని ఎందుకవ్వా?” అనును. అవ్వ బదులు చెప్పదు. సంచి మూతి కట్టివేయును. ఆమె చెప్పని బదులును వెదకుటకే ఈ వ్యాసము.

మొదట ఈ పని స్వభావమును గమనింపవలెను. నేతకు పడుగు, పేక అని రెండు తీరుల నూలు కావలెను, మగ్గము కావలెను, మగ్గమునకు నీడ కావలెను. అల్లికకు ఇవేవియు నక్కరలేదు. ఒకే పోగును రెండు సూదులపై పట్టి, ఒక ఉచ్చులోనుండి మరియొక ఉచ్చును లాగుచు పోయిన చాలును, బట్ట తయారగును. ఏ వరుసలోనైనను పని ఆపవచ్చును, సంచిలో వేసికొనవచ్చును, పది దినముల పిమ్మట తీసి అక్కడినుండియే సాగింపవచ్చును. మగ్గము ఇల్లు కదలని పని. అల్లిక మనిషి వెంట నడచు పని. ఈ యొక్క గుణమే దానిని ఓడల కెక్కించినది.

ఈ విద్య మన దేశమున పుట్టినది కాదు. ఈజిప్టు దేశములో దొరకిన నీలము, తెలుపు రంగుల నూలు మేజోళ్లు 11వ శతాబ్దమునకు 14వ శతాబ్దమునకు నడుమ నల్లినవని పండితుల నిర్ణయము. మధ్యధరా సముద్రపు వర్తకమార్గమున అది ఐరోపా చేరినది. స్పెయిను దేశములో బూర్గోసు నగరము చేరువనున్న లాస్ వెల్గాస్ మఠమున, 1275లో మరణించిన ఫెర్నాండో అను రాజకుమారుని సమాధిలో, పట్టుతో అల్లిన దిండు కలదు. ఇంగ్లండులో విలియం లీ యను మతాచార్యుడు 1589లో మేజోళ్లల్లు యంత్రమును కల్పించెను. యంత్రము వచ్చినను చేతి అల్లిక చావలేదు. యంత్రమును చంకనిడుకొని ఊరు దాటలేరు గదా!

చేతిలో అల్లిక, కాలికి నడక – ఈ రెండును చలిదేశములలో జోడుగా నుండెను. బ్రిటనుకు ఉత్తరమున నున్న షెట్లాండు దీవులలో స్త్రీలు వంటచెరకుగా పనికివచ్చు పీటుమన్నును బుట్టలతో వీపున మోయుచు, దారి పొడవునను మేజోళ్లల్లుచు నడచెడివారు. ఆనాటి ఛాయాచిత్రములు నేటికిని దీనికి సాక్ష్యము. వీపు బరువు మోయుచుండగా చేతులు వేరొక కూలి సంపాదించుచుండెను.

ఈ చిత్రము మనకు పరాయిది కాదు. దక్కను పీఠభూమిలో గొర్రెల మందవెంట నడచు కురుబవారి చేతిలో కదురు తిరుగుచుండుట మన తాతలు చూచినదే. మంద మేయుచుండును, కాపరి కాళ్లు నడచుచుండును, చేతిలో నల్లని గొర్రెయున్ని పోగై సాగుచుండును. ఆ పోగే పిమ్మట కంబళి యగును. కోలారు జిల్లా కంబళ్లు ఎండకు నీడ, వానకు గొడుగు, రాత్రికి పక్క. షెట్లాండు స్త్రీకి, కురుబ కాపరికి భాష వేరు, దేశము వేరు. దారిని వృథాగా పోనీయరాదను నియమ మొక్కటే. కనుక అల్లిక మనకు బయటినుండి వచ్చినను, నడకలో చేతిపని అను ధర్మము మనలో ముందే యుండెను.

ఇక ఓడల సంగతి. 1869 నవంబరులో సూయజు కాలువ తెరువబడకమునుపు ఇంగ్లండునుండి మన దేశమునకు వచ్చువారు ఆఫ్రికా ఖండమును చుట్టి నెలల తరబడి సముద్రముపై గడపవలసి యుండెను. లేనిచో ఈజిప్టులో దిగి ఎడారి దాటి మరియొక ఓడ నెక్కవలసి యుండెను. కాలువ తెరచిన పిదప ప్రయాణము మూడు నాలుగు వారములకు తగ్గినది. ఎర్రసముద్రపు వేసవి వేడికి వెరచి, వీలున్నవారందరు శరత్కాలమునగాని చలికాలమునగాని బయలుదేరెడివారు. ఎటు చూచినను నీరే తప్ప వేరు కానరాని ఆ దినములలో స్త్రీలు ఓడ పైయంతస్తున కుర్చీలు వేసికొని సూదిపనియు అల్లికయు పట్టుట సర్వసాధారణము. బయలుదేరిననాడు చలికి మందపు ఉన్ని చేతికి హాయి. ఎర్రసముద్రము చేరుసరికి అదే ఉన్ని ఒడిలో నిప్పుకణము. అనుభవశాలినులు అక్కడినుండి పలుచని నూలుపని తీసెడివారు.

అట్టి ఓడలకును మా సీమకును సంబంధము బంగారము వలన కలిగినది. లండనునందలి జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ 1880లో కోలారు గనుల పని చేపట్టెను. ఆ కాలముననే ఇంగ్లండు నైరుతిమూలనున్న కార్న్‌వాల్ సీమలో రాగి, తగరపు గనులు క్షీణించుచుండెను. ఆ గనులలో ఆరితేరినవారు బ్రతుకుతెరువు వెదకికొనుచు ప్రపంచమంతటను చెదరిరి. కొందరు కోలారు చేరిరి. ఆ కార్న్‌వాల్ తీరగ్రామములలో స్త్రీలు జాలరుల ఉన్ని చొక్కాలను వర్తకులకొరకు కూలి కల్లెడివారు. అనగా అల్లిక వారికి కేవలము వినోదము కాదు. మగవాని సంపాదన చాలని యింట అది రెండవ కూడు. మొదట మగవారు, కొంతకాలమునకు కుటుంబములు ఓడలెక్కి వచ్చినప్పుడు సూదులును వెంట వచ్చెను.

మద్రాసు రేవున దిగినవారు జోలారుపేట మీదుగా బెంగుళూరు దారి పట్టెడివారు. ఆ దారి 1864లో తెరువబడినది. కుప్పము దాటి, మా కామసముద్రము పొలిమేర మీదుగా సాగి, మైసూరు కమిషనరు బౌరింగు దొర పేర వెలసిన బౌరింగుపేటలో, అనగా నేటి బంగారపేటలో, బండి నిలుచుచుండెను. అక్కడినుండి గనులకు రైలు శాఖ 1894లో పడినది. ఓడలో మొదలుపెట్టిన మేజోడునకు మా ఊరి పొలిమేరలోనే మడమ తిరిగియుండవచ్చునని తలచినప్పుడెల్ల మాకు ముచ్చట కలుగును. సముద్రము లేని మా సముద్రము చేరువనుండి ఆ విధముగా ఓడపని యొకటి సాగిపోయెను.

బంగారుగనుల సీమ సముద్రమట్టమునకు సుమారు 2,800 అడుగుల యెత్తున నున్నది. ధనుర్మాసపు తెల్లవారుజామున ఇక్కడి మంచు ఎముకలు కొరుకును. గని లోపల దీనికి విపరీతము. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైబడిన లోతునకు పోయినది. ఆ లోతులలో రాతి వేడి 60 డిగ్రీలు దాటెను. చెమటతో తడిసిన దేహముతో పైకి వచ్చిన కార్మికుని ముఖమున కొట్టునది పూసమాసపు చలిగాలి. ఆ కార్మికులలో చిత్తూరు, ఉత్తరార్కాటు సీమలనుండి వచ్చిన తెలుగువారును తమిళులును అనేకులు. మన తాతల భుజములపై కంబళి యుండెను. పిమ్మటి తరమున స్వెట్టరు చేరెను. మిషను బడులలో బాలికలకు సూదిపని నేర్పుట ఆనాటి రివాజు. బంగళాలలో పనికి పోయినవారు దొరసానుల చేతిపనిని కన్నులార చూచిరి. చూచి నేర్చినది, బడిలో నేర్చినది మన యిండ్ల అరుగులపైకి వచ్చి తెలుగు మాటలలో కలిసిపోయెను. వ్రాతలేకయే లెక్క నడచెను: ఇన్ని ఉచ్చులు ఎక్కించు, ఇన్ని దించు, చంక దగ్గర కలుపు – ఇదియే పాఠము.

ఇక విహారయాత్రల పుట్టుక వినదగినది. బ్రతుకుతెరువునకు కాక కేవలము చూచి వచ్చుటకై ఓడ యెక్కుట 19వ శతాబ్దపు వింత. 1844లో పీ అండ్ ఓ ఓడల కంపెనీ ఇంగ్లండునుండి మధ్యధరా తీరములకు అట్టి యాత్రలు నడపెను. నవలాకారుడు థాకరే ఆ యేడు కంపెనీవారి అతిథిగా పోయి తన అనుభవములను గ్రంథముగా వ్రాసెను. చలికాలపు విహారమునకు పేరు తెచ్చినవాడు జర్మనుడైన ఆల్బర్ట్ బాలిన్. ఆయన హాంబర్గు ఓడల కంపెనీకి అధికారి. చలికాలమున అట్లాంటిక్ దాటు ప్రయాణికులు తగ్గుటచే పెద్ద ఓడలు రేవున ఊరక పడియుండుట ఆయనకు బాధ కలిగించెను. 1891 జనవరి 22న ఆగుస్టా విక్టోరియా యను ఓడను 241 మంది యాత్రికులతో కుక్స్‌హావెన్ రేవునుండి మధ్యధరా సముద్రమునకు నడపెను. తానును భార్యాసమేతుడై పోయెను. సుమారు రెండు మాసముల యాత్ర జయప్రదమయ్యెను. నేటి శీతకాలపు విహారనౌకలకు ఇది మూలపురుషుడు.

ఇందొక చమత్కార మున్నది. ఓడ ఊరకుండరాదని బాలిన్ విహారమును కల్పించెను. ఆ విహారమున చేతులు ఊరకుండరాదని యాత్రికురాలు అల్లిక పట్టెను. విశ్రాంతి యని మన మనుకొనునది రెండు చోట్లను పనికి మారుపేరుగానే యున్నది.

కాని ఇక్కడనే ఒక చేదు నిజమును చెప్పక తప్పదు. “తీరిక వేళ పని” యను మాట అందరి విషయమున నొకటి కాదు. తెలుగుదేశమున దీనికి దృష్టాంతము నరసాపురము లేసు. పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురము, పాలకొల్లు ప్రాంతములందు 19వ శతాబ్దమున మిషనరీ స్త్రీలు నేర్పిన విద్య అది. రెండు సూదులకు బదులు ఒకే కొక్కెపు సూది. ఉన్నికి బదులు సన్నని నూలుదారము. నేర్చినవారి చేతులలో అది గొప్ప పరిశ్రమ యయ్యెను. బల్లగుడ్డలు, కుట్టు అంచులు ఓడలకెక్కి ఐరోపా, అమెరికాలకు పోయెను. జర్మను సమాజశాస్త్రవేత్త మారియా మీస్ ఆ గ్రామములలో పరిశోధన చేసి 1982లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆమె చూపిన సత్యమిది: దినమున అనేక గంటలు లేసు అల్లు స్త్రీలను కార్మికులుగా కాక, తీరిక వేళలో ఏదో అల్లుకొను గృహిణులుగా లెక్కించిరి, అందుచేతనే వారి కూలి అంత అల్పమయ్యెను. ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలును వారిలో నుండిరి. లేసు సముద్రములు దాటెను. అల్లిన చేయి గుమ్మము దాటలేదు. 2024లో నరసాపురము లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. పేరునకు గుర్తింపు వచ్చినది, సంతోషము. చేతికి తగిన కూలి వచ్చిననాడు ఆ సంతోషము పూర్తియగును.

కనుక విహారనౌకపై కూర్చుండి అల్లునామె చేతిపనికిని, నరసాపురపు అరుగుపై అల్లునామె చేతిపనికిని చూపున భేదము లేదు. భేదమంతయు ఎన్నుకొను స్వాతంత్ర్యములో నున్నది. ఒకామె వలదనుకొన్న సంచి మూయగలదు. రెండవయామె మూసిన పొయ్యి వెలుగదు. మన ఇండ్లలో ఆడువారి పనిని “ఊరక కూర్చోలేక చేస్తుంది” అని తేలిక చేయుట కద్దు. ఆ మాట వెనుక ఎన్ని యిండ్ల కూడు దాగియున్నదో చరిత్ర చదివినవారు మరువరాదు.

చేతిపనిని సముద్రయాత్రకు తీసికొనిపోయి దానికే గౌరవము కలిగించిన మహనీయుడు గాంధీజీ. 1927లో ఆరోగ్యము చెడినప్పుడు ఆయన మన నంది కొండపై విశ్రాంతి తీసికొనెను. నాడు నంది కోలారు జిల్లాలోనిదే. 2007లో చిక్కబళ్లాపురము జిల్లా యేర్పడినప్పుడు అందు చేరినది. 1931 ఆగస్టు 29న రెండవ రౌండు టేబులు సమావేశమునకై ఆయన బొంబాయిలో రాజపుటానా యను ఓడ యెక్కెను. మాలవ్యా పండితుడు, మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీదేవి అదే ఓడలో నుండిరి. గాంధీజీ ఓడ పైయంతస్తుననే కూర్చుండి వడకెను. చక్రవర్తి రాజధానికి పోవుచున్నవాడు పేదవాని పనిని వెంట తీసికొనిపోవుట లోకమునకు కనబడవలెనని కాబోలు! తిరుగు ప్రయాణము చలికాలమున: డిసెంబరు 14న ఇటలీలోని బ్రిండిసి రేవున పిల్సనా ఓడ నెక్కి 28న బొంబాయి చేరెను. సమావేశము ఆయన కోరిన ఫలమీయలేదు. ఒక వారము దాటగానే, 1932 జనవరి 4న, ఆయనను నిర్బంధించిరి. ఓడలోనైనను, చెరలోనైనను ఆయన దినచర్యలో వడకుట తప్పలేదు. పెట్టెలో ఇముడు యెరవాడ చరఖా ఆ చెరసాల కాలపు సాధనమే. స్థలము మారినను చేతి వ్రతము మారరాదని దాని అర్థము.

ఇప్పుడు మన సీమకు మరల వత్తము. మన బంగారుగనులు 1956లో ప్రభుత్వపరమయ్యెను. 2001 ఫిబ్రవరి 28న మూతపడెను. నూటయిరువది యేండ్లు దాటిన పని ఒక్కనాట నిలిచిపోయెను. ఆ పిమ్మట మనవారికి కలిగిన సముద్రయాత్ర రైలుప్రయాణము. మారికుప్పమునుండి బెంగుళూరునకు ప్రతిదినము తెల్లవారకమునుపే వేలమంది బయలుదేరి చీకటిపడిన పిదప తిరిగివచ్చుట మొదలైనది. ఆ బండ్లలో మేము చూచిన దృశ్యములే ఈ వ్యాసమునకు ప్రాణము. చలికి కిటికీలు మూసియుండును. ఒకామె ఒడిలో మల్లెలు మాలయగుచుండును. ఒకామె సాయంకాలపు కూరకు చిక్కుడుకాయ లొలుచుచుండును. మూలనున్న పెద్దామె పోగు వదలక ఊలు టోపీ అల్లుచుండును. ఆ టోపీ మనుమనికి. ఆ మాల అమ్మకమునకు. ఆ కాయ పొయ్యికి. ముగ్గురిని కలిపి చూచిన వినోదమేదో, వేతనమేదో, వాత్సల్యమేదో వేరుచేయుట మా తరము కాలేదు.

నేడు కాలము మరల మారినది. మన పిల్లలు చదువుకొని స్థిరపడిరి. 2022 జూన్‌లో చెన్నైనుండి విశాఖపట్టణమునకు, పుదుచ్చేరికి విహారనౌక బయలుదేరెను. 2023 సెప్టెంబరులో విశాఖ రేవున విహారనౌకలకై ప్రత్యేక నిలయము ప్రారంభింపబడెను. తెలుగు కుటుంబము తెలుగు తీరమునకు ఓడలో విహారముగా పోగల దినములు వచ్చినవి. చేతిపని వెంట తీసికొని పోవువారికి రెండు మాటలు చెప్పుట అప్రస్తుతము కాదు. పెద్ద దుప్పటి మొదలిడక మేజోడో, టోపీయో, పసివాని చొక్కాయో పట్టుట మేలు. ఒడిలో ఇముడును, యాత్ర ముగియులోపల ముగియును. వెదురు సూదులు తేలిక. త్రాటితో జోడించిన సూదులైన ఓడ ఊగినప్పుడు జారి దొరలిపోవు. బంగాళాఖాతమున చలికాలమైనను గాలి తేమగా నుండును. అక్కడికి నూలుదారము హాయి, చలిదేశపు సముద్రములకే ఉన్ని. నల్లని పోగు దీపపు వెలుతురున కండ్లకు శ్రమ. ఉచ్చు జారిన వెదకుటకు ప్రతి ఇరువది వరుసలకు వేరురంగు దారమొకటి గుచ్చియుంచుట తెలివి. విమానమెక్కి రేవు చేరవలసినవారు సూదులను గూర్చిన నియమములను ముందుగా విచారించుకొనవలెను. అవి ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరుగా నుండును.

ఇవి చిన్న విషయములు. పెద్ద విషయమొకటి మిగిలియున్నది. మనము పరభాషాసీమలో తరతరములుగా నిలిచిన తెలుగువారము. బడిభాష వేరు, కచేరీభాష వేరు, అంగడిభాష వేరు. ఇంటినుండి మనము వెంట తెచ్చుకొన్నవి రెండే: నాలుకపై మాట, చేతిలో పని. మాటను కాపాడుటకు సంఘములు పెట్టితిమి, సంచికలు వేసితిమి. చేతిపనిని కాపాడినది ఆ అవ్వ సంచి. దానిలో కురుబ కాపరి కదురును, కార్న్‌వాల్ గనివాని ఇల్లాలి సూదియు, నరసాపురపు కొక్కెమును, మారికుప్పము బండిలోని పోగును కలిసియున్నవి.

కనుక మనుమరాలికి మేము చెప్పు బదులిది. అవ్వ విశ్రాంతికి పోవుచు పనిని తీసికొనిపోవుటలేదు. జీవితమంతయు పనికొరకే పోగు పట్టిన చేయి, మొదటిసారి తన యిష్టమునకు పోగు పట్టుటకు పోవుచున్నది. ఓడపై ఆమె ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండుము. ఉచ్చు ఎక్కించుట నేర్పుమని అడుగుము. ఆమె చెప్పు మాటలు తెలుగులోనే యుండును. తీరము చేరునప్పటికి ఒక మేజోడు ముగియును. రెండవదానిని నీవు మొదలుపెట్టవచ్చును.